అల్యూమినియం పడవకు చెక్క డెక్కు: లోహం తినకుండా ఎలా కట్టాలి?

తెడ్డు

అందరికీ నమస్కారం. నా దగ్గర పద్నాలుగు అడుగుల పాత అల్యూమినియం పడవ ఉంది. అడుగు చదునుగా ఉంటుంది, రేకు మందం ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు. లోపల అడ్డబల్లలు తప్ప ఏమీ లేవు. ముందు భాగంలో నిలబడి గాలం వేయడానికి వీలుగా సొంతంగా ఒక డెక్కు కట్టాలనుకుంటున్నాను. పడవ ఎక్కువగా నది సముద్రంలో కలిసే చోట తిరుగుతుంది. ఒక పూట మంచినీరు, ఇంకో పూట ఉప్పునీరు.

నేను అనుకున్నది ఇది: కుళ్లకుండా మందు ఎక్కించిన ఆకుపచ్చ చెక్కతో చట్రం, దాని మీద పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైన కార్పెట్. అన్నిటికీ స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు. చట్రం నేరుగా పడవ అడుగు రేకు మీదే కూర్చుంటుంది.

ఇలా కడితే కొన్నేళ్లకే అడుగుకు చిల్లులు పడతాయని ఒక మిత్రుడు గట్టిగా చెబుతున్నాడు. అల్యూమినియం తుప్పు పట్టదు కదా, చెక్క తగిలితే దానికేమవుతుంది? తెలిసినవారు చెప్పగలరు.

చుక్కాని

తెడ్డు గారూ, మీ మిత్రుడి మాట వినండి. మీరు రాసిన వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఆ ఆకుపచ్చ చెక్కే. ఆ రంగు రాగిది.

కుళ్లకుండా చెక్కకు ఎక్కించే మందుల్లో చాలావాటికి ఆధారం రాగి లవణాలు. పాత మందులో రాగితో పాటు క్రోమియం, ఆర్సెనిక్ ఉండేవి. ఆరోగ్య కారణాలతో ఇళ్ల వాడకానికి వాటిని తీసేశాక వచ్చిన కొత్త మందుల్లో రాగి పాళ్లు పెంచారు. చెక్క తడిసిన ప్రతిసారీ కొంత రాగి నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు అల్యూమినియం మీద నిలిచాయంటే రాగి అక్కడ కంటికి కనిపించని చుక్కలుగా లోహమై అతుక్కుంటుంది. ఒక్కో చుక్క చుట్టూ ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో అరిగిపోయేది మీ పడవ.

అల్యూమినియం తుప్పు పట్టదన్నది సగమే నిజం. గాలి తగలగానే దాని మీద ఆక్సైడు పొర ఏర్పడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే అయినా అదే దాని కవచం. గీత పడితే క్షణంలో మళ్లీ కట్టుకుంటుంది, కానీ అందుకు ఆక్సిజన్ కావాలి. నీటి పీహెచ్ కూడా సుమారు 4 నుంచి 8.5 మధ్యలో ఉండాలి. తడి చెక్క రేకును అంటిపెట్టుకుని ఉన్నచోట ఆక్సిజన్ అందదు. ఉప్పు చేరితే క్లోరైడు ఆ పొరను ఒక బిందువు దగ్గర తూట్లు పొడుస్తుంది. రేకంతా సమానంగా అరిగితే పదేళ్లకు కూడా తెలియదు. ఇది అలా అరగదు. పైన సూదిమొనంత రంధ్రం కనిపిస్తుంది, లోపల పుచ్చిపన్నులా డొల్ల అయి ఉంటుంది.

ఒకసారి ఒక పడవ డెక్కు విప్పుతుంటే పక్కనే ఉన్నాను. చెక్క కింద రేకు మీద సుద్దపొడిలాంటి తెల్లటి పదార్థం బిళ్లలు కట్టి ఉంది. వేలితో తుడిస్తే మెత్తగా రాలింది. ఆ కింద గుంటలు, చెక్క బద్ద ఎంత వెడల్పో సరిగ్గా అంత వెడల్పున, గీత గీసినట్టు వరుసగా ఉన్నాయి. పడవను ఎండలో తిరగేసి లోపలి నుంచి చూస్తే మూడు నాలుగు చోట్ల వెలుతురు కనిపించింది. బద్ద తగలని చోట రేకు కొత్తదానిలా ఉంది.

కాబట్టి మందు చెక్క వద్దు. మధ్యలో రబ్బరు షీటు వేసినా వద్దు, రంగు పూసినా వద్దు. రాగి నీళ్లతో పాటు ఎక్కడికైనా పారుతుంది.

వెల్డుచుక్క

చట్రం చెక్కతో ఎందుకు? అల్యూమినియం యాంగిల్ (L ఆకారపు కడ్డీ) తీసుకోండి. అల్యూమినియం మిశ్రమాలకు నంబర్లు ఉంటాయి, వాటిలో 6061 గానీ 6063 గానీ సులభంగా దొరుకుతుంది. పడవ రేకు సాధారణంగా 5052 అయి ఉంటుంది. ఈ రెండు జాతులూ ఒకదాన్నొకటి దాదాపు తినవు. 2024 లాంటి విమానాల రేకు చవకగా దొరికినా ముట్టుకోవద్దు, అందులో రాగి నాలుగు శాతానికి పైనే ఉంటుంది.

అంత పలుచని అడుగుకు వెల్డింగు జోలికి వెళ్లవద్దు. చట్రాన్ని పడవ పక్కటెముకలకూ అడ్డబల్లలకూ రివెట్లతో బిగించండి. అడుగు రేకుకు ఒక్క రంధ్రం కూడా వద్దు. రివెట్లు కొనేటప్పుడు ఒక విషయం గమనించండి. రివెట్ ఒళ్లు అల్యూమినియం అని రాసి ఉన్నా, లోపలి పిన్ను చాలాసార్లు మామూలు ఉక్కుది ఉంటుంది. లాగి తెంపాక ఆ పిన్ను ముక్క లోపలే ఉండిపోయి తుప్పుపట్టి గోధుమరంగు చారలు కారుస్తుంది. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే వద్దు. పిన్ను కూడా అల్యూమినియందే ఉన్నవి, కొన మూసి ఉన్నవి అడగండి. మూసి ఉన్నవైతే మధ్యలోంచి నీరు కారదు.

రేకును శుభ్రం చేయడానికి మామూలు ఉక్కు బ్రష్షు, ఉక్కు పీచు వాడవద్దు. ఇనుప రజను అల్యూమినియంలో దిగబడి అక్కడే గుంటలు మొదలవుతాయి. నైలాన్ ప్యాడ్ గానీ, ఇంతకుముందు ఇనుము మీద వాడని స్టెయిన్‌లెస్ బ్రష్షు గానీ వాడండి.

రంపంపొట్టు

చట్రం విషయంలో వెల్డుచుక్క గారితో ఏకీభవిస్తాను. పై పలక మాత్రం చెక్కే బాగుంటుంది. కాళ్ల కింద వేడెక్కదు, చప్పుడు తక్కువ, కొలతకు కోసుకోవడం తేలిక.

ప్లైవుడ్‌కు మందు లేకపోయినా పర్వాలేదు. బీఎస్ 1088 అనే బ్రిటిష్ ప్రమాణానికి తగ్గ మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. ఆ పేరు చూసి అది కుళ్లదని మాత్రం అనుకోకండి. అందులో మరిగే నీటికీ విడిపోని జిగురు ఉంటుంది, పొరల మధ్య ఖాళీలు ఉండవు. చెక్క మాత్రం చెక్కే, తడిని ఆపేది మీరు వేసే పూత.

పలకలన్నీ కోసి, రంధ్రాలన్నీ వేసి, ఒకసారి పడవలో కూర్చోబెట్టి సరిచూసుకున్నాకే ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) మొదలుపెట్టండి. మూడు పూతలు, రెండు వైపులా. అంచులకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ప్లైవుడ్ నీళ్లు తాగేది అంచు నుంచే. మొదటి పూత అంచుల్లోకి ఇంకిపోయి పొడిగా కనిపిస్తుంది. అది ఆరకముందే మళ్లీ మళ్లీ పూయాలి, ఇక తాగను అన్నట్టు మెరుపు నిలిచేదాకా. పాలియెస్టర్ రెసిన్ చవక అని వాడేవారున్నారు. అది చెక్కను గట్టిగా పట్టుకోదు, కొన్నాళ్లకు పొరలా లేచిపోతుంది.

స్క్రూ రంధ్రాల పద్ధతి వేరు. కావలసినదానికన్నా బాగా పెద్ద రంధ్రం వేసి, చిక్కబరిచిన ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని నడిమధ్య అసలు రంధ్రం వేయాలి. అప్పుడు స్క్రూకు చెక్క తగలదు, తడి చెక్కలోకి పోదు. పని విసుగ్గా ఉంటుంది. అయినా డెక్కు ఆయుష్షు ఈ రంధ్రాల దగ్గరే తేలుతుంది.

ఎపాక్సీ ఎండకు నిలవదు. సుద్దలా తేలిపోతుంది. పైన రంగు గానీ, ఎండను తట్టుకునే వార్నిష్ గానీ తప్పనిసరి.

తెడ్డు

ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. మందు చెక్క మానేశాను. యాంగిల్‌తోనే చట్రం.

ఇప్పుడు వేరే సందేహం. రెండు వేర్వేరు లోహాలు తగిలితే ఒకటి తినేస్తుందంటున్నారు. స్టెయిన్‌లెస్ స్క్రూ అల్యూమినియానికి వేరు లోహమే కదా? మరి పడవల్లో అందరూ అవే ఎందుకు వాడతారు? స్టెయిన్‌లెస్ రకాల్లో 304 చాలునా, 316 కావాలా?

చుక్కాని

ఈ ప్రశ్నకు కాస్త నిదానంగా జవాబు చెప్పాలి.

సముద్రపు నీటిలో లోహాలకు ఒక వరుస ఉంది. ప్రయోగశాలలో వాడే కాలొమెల్ ఎలక్ట్రోడుతో పోల్చి కొలిస్తే జింకు సుమారు మైనస్ 1.0 వోల్టు, పడవల అల్యూమినియం మైనస్ 0.75 నుంచి 0.9 మధ్య, మామూలు ఉక్కు మైనస్ 0.6 దగ్గర, రాగి మైనస్ 0.35 దగ్గర ఉంటాయి. మంచి స్థితిలో ఉన్న 316 స్టెయిన్‌లెస్ సున్నాకు చాలా దగ్గరగా ఉంటుంది. రెండిటినీ కలిపి నీళ్లలో ఉంచితే ఎక్కువ మైనస్‌లో ఉన్నది కరుగుతుంది. ఆ లెక్కన స్టెయిన్‌లెస్, అల్యూమినియం జోడీ చెడ్డదే.

అయినా నడుస్తున్నది విస్తీర్ణం వల్ల. కరిగే లోహం పెద్దదై, రెండోది చిన్నదైతే నష్టం పలచగా పంచుకుపోతుంది. పెద్ద అల్యూమినియం రేకులో చిన్న స్టెయిన్‌లెస్ స్క్రూ ఈ కోవలోకి వస్తుంది. తిరగేసి చూడండి: పెద్ద స్టెయిన్‌లెస్ పలకను చిన్న అల్యూమినియం రివెట్లతో బిగిస్తే ఆ రివెట్ల తలలు ఎంతోకాలం ఉండవు. ఇలాంటి పని ఎప్పుడూ చేయకండి.

దీని వెంటే ఇంకో సంగతి ఉంది, చాలామంది తలకిందులుగా చేసేది ఇక్కడే. కరిగేది అల్యూమినియం కాబట్టి దానికి రంగు వేసి, స్క్రూ తలలు మెరుస్తూ వదిలేస్తారు. రంగు ఎక్కడో గీసుకుపోతుంది. అప్పుడు స్టెయిన్‌లెస్ మొత్తం ఆ ఒక్క గీత మీద పడుతుంది, విస్తీర్ణం లెక్క తిరగబడుతుంది. రంగు వేస్తే రెండిటికీ వేయండి. ఒక్కదానికే వేయగలిగితే స్క్రూ తలకు వేయండి.

304, 316 మధ్య తేడా ముఖ్యంగా మాలిబ్డినం. 316లో అది రెండు నుంచి మూడు శాతం ఉంటుంది, ఉప్పు తెచ్చే గుంటలను అడ్డుకుంటుంది. మీ నీళ్లకు 316 తీసుకోండి. అది కూడా చిరంజీవి కాదు. స్టెయిన్‌లెస్ కవచానికీ ఆక్సిజన్ కావాలి. తడి ప్లైవుడ్‌లో ఇరుక్కున్న స్క్రూను కొన్నేళ్లకు బయటికి తీస్తే తల అద్దంలా ఉంటుంది, చెక్క మధ్యలో ఉన్న మెడ భాగం గోధుమరంగుకు తిరిగి సన్నబడి ఉంటుంది. రంపంపొట్టు గారు చెప్పిన ఎపాక్సీ గొట్టం చెక్కతో పాటు స్క్రూనూ కాపాడుతుంది.

లోహాలను వేరు చేయడానికి నైలాన్ వాషర్ వేస్తే సరిపోతుందని ఎక్కువమంది అనుకుంటారు. స్క్రూ మరలు అల్యూమినియాన్ని కొరికి పట్టుకుని ఉంటే వాషర్ వల్ల ఒరిగేదేమీ లేదు, కరెంటు మరల గుండా పోతుంది. నిజంగా వేరు చేయాలంటే రంధ్రం పెద్దది చేసి, బోల్టు ఒంటికి ప్లాస్టిక్ గొట్టం తొడిగి, రెండు వైపులా ప్లాస్టిక్ వాషర్లు వేసి బిగించాలి. నీళ్లు నిలిచే చోట ఇదే మార్గం. మిగతా చోట్ల మరలకు టెఫ్-జెల్, డ్యూరలాక్ లాంటి పేస్టు దట్టంగా పూయండి. లోహాలు తగిలినా మధ్యలోకి నీళ్లు రాకపోతే బ్యాటరీ పూర్తి కాదు. స్టెయిన్‌లెస్ నట్టు బోల్టు మీద పట్టేసి తిరగకుండా పోయే బాధ కూడా ఈ పేస్టుతో తగ్గుతుంది.

కొత్తనీరు

నేను ఇక్కడ కొత్త. పడవలకు జింకు దిమ్మలు బిగిస్తారు కదా, తమను తాము అర్పించుకుని మిగతా లోహాన్ని కాపాడతాయని చదివాను. డెక్కు కింద అలాంటిది ఒకటి బిగిస్తే ఈ పేస్టులూ గొట్టాలూ లేకుండా సరిపోదా?

చుక్కాని

సరిపోదు, కొత్తనీరు గారూ. ఆ దిమ్మ, అది కాపాడే లోహం రెండూ ఒకే నీటిలో మునిగి ఉండాలి. పడవ బయటి అడుగుకు, మోటారు కాలుకు అది బాగా పనిచేస్తుంది. నీళ్లకు పైన ఉన్న డెక్కు స్క్రూకు, దాని చుట్టూ ఉన్న ఒక్క చుక్క తడికి ఎక్కడో ఉన్న దిమ్మతో నీటి సంబంధం ఉండదు.

బయటి అడుగుకు దిమ్మ పెట్టాలనుకుంటే తెడ్డు గారి నీళ్లకు అల్యూమినియం మిశ్రమపు దిమ్మ మంచిది. జింకు మంచినీటిలో పొర కట్టి మొద్దుబారిపోతుంది. మెగ్నీషియం మంచినీటికి బాగుంటుంది, ఉప్పునీటిలో మరీ తొందరగా కరిగిపోతుంది. దిమ్మకు రంగు వేయకూడదు. నాచు పట్టకుండా అడుగుకు వేసే రంగులో రాగి ఉందేమో డబ్బా మీద చదవండి. అల్యూమినియం పడవకు అది పనికిరాదు.

లంగరు

కార్పెట్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మంచినీటి చెరువులో తిరిగే నా పడవలో ఎప్పటినుంచో ఉంది. కాలు జారదు, చప్పుడు రాదు, చేపలు బెదరవు. పడవను వాడిన ప్రతిసారీ ఒడ్డుకు లాగి ఆరబెడతాను. నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

రంపంపొట్టు

లంగరు గారూ, మీరు ఆరబెడతారు కాబట్టి నిలిచింది. మీ పడవ మంచినీటి చెరువులోది కూడా. తెడ్డు గారిది ఉప్పు తగిలే నీరు. కార్పెట్‌లో చేరిన ఉప్పు ఒక పట్టాన పోదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే తడిని పీల్చుకుని కరుగుతుంది. చేత్తో తాకితే పొడిగా అనిపించిన కార్పెట్ రాత్రికల్లా చెమ్మగిల్లుతుంది. దాని అంచు కిందికి మడిచి ఉన్న చోట యాంగిల్‌కు ఎప్పుడూ తడిపట్టీ చుట్టినట్టే.

జారకుండా ఉండాలంటే ఆఖరి పూత రంగు తడిగా ఉండగానే సన్నని ఇసుక చల్లి, ఆరాక మిగిలింది ఊడ్చి, ఇంకో పూత వేస్తే చాలు. కడగడం తేలిక.

లంగరు

ఉప్పు మాట నిజమే, నేను ఆ కోణంలో చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని పనిచేసేవారికి ఇసుక పూత గరుకుగా ఉంటుంది. దానికి నీళ్లు పీల్చని ఈవీఏ ఫోము పలకలు దొరుకుతాయి, అవి చూడండి.

దీపస్తంభం

డెక్కు కట్టాక అందరూ చేసే తరువాతి పని దాని కింద బ్యాటరీ, నీళ్లు తోడే పంపు, దీపాలు పెట్టడం. ఇంతవరకు చెప్పిన తినివేత ఏళ్లు పడుతుంది. దారి తప్పిన కరెంటు వారాల్లో రేకును తూట్లు పొడవగలదు. అందుకని ఇది ఇక్కడే చెప్పాలి.

కారులో లాగా నెగటివ్ తీగను పడవ ఒంటికి కలిపి, రేకునే తిరుగు దారిగా వాడడం ఎప్పుడూ చేయవద్దు. ప్రతి పరికరానికీ రెండు తీగలు, రెండూ బ్యాటరీ దాకా. పాజిటివ్‌కు ఫ్యూజు బ్యాటరీకి అతి దగ్గరలో ఉండాలి. తీగ అతుకులు అడుగున నీళ్లు చేరే చోటుకు బాగా పైన ఉండాలి. తగరం పూసిన రాగి తీగలు వాడండి. తీగ చివరలు కోసినప్పుడు రాలే రాగి పోగులను ఏరిపారేయండి. అడుగున పడ్డ ఒక్క రాగి నాణెం కూడా తన ఆకారంలోనే రేకును తొలుస్తుంది. సీసం గుండ్లూ అడుగున దొర్లకుండా ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి.

పరీక్ష సులభం. బ్యాటరీ పాజిటివ్‌కు, రేకుకు మధ్య చిన్న బల్బు తాకించండి. వెలిగితే నెగటివ్ ఎక్కడో ఒంటికి తగిలిందని అర్థం. తరువాత నెగటివ్‌కు, రేకుకు మధ్య అలాగే చూడండి. అక్కడ వెలిగితే ఇంకా అపాయం, వెంటనే బ్యాటరీ విప్పి వెతకాలి. మోటారుకు విద్యుత్ స్టార్టరు ఉంటే నెగటివ్ దాని ఒంటి గుండా పడవకు కలిసే ఉంటుంది. కాబట్టి మోటారు తీగలు విప్పి ఈ పరీక్ష చేయండి. ఆ కలయిక ఆ ఒక్క చోటే ఉండాలి.

తెడ్డు

మీ అందరి సలహాలతో పథకం మార్చాను. చట్రానికి 6061 యాంగిల్, పక్కటెముకలకు అల్యూమినియం పిన్నున్న రివెట్లు. ప్లైవుడ్‌కు ఎపాక్సీ మూడు పూతలు, ఇసుక కలిపిన రంగు. చట్రానికి బిగించడానికి పేస్టు పూసిన 316 స్క్రూలు, నీళ్లు నిలిచే చోట ప్లాస్టిక్ గొట్టం తొడిగిన బోల్టులు. డెక్కు పలక అంచులు పడవ గోడలకు ఆనేటట్టు బిగుతుగా కోసి, సందులో సిలికాన్ పెడదామనుకుంటున్నాను, నీళ్లు కిందికి దిగకుండా. డెక్కు కింద ఖాళీని తేలడానికి పోసే ఫోముతో నింపేస్తాను. ఇంకేమైనా ఉందా?

వెల్డుచుక్క

చివరి రెండూ మార్చండి. నీళ్లు కిందికి దిగడాన్ని ఎవరూ ఆపలేరు. వాన, అల, తడి బూట్లు ఏదో ఒక దారిన పంపుతాయి. సందులు మూసేస్తే దిగిన నీరు బయటికి రాదు, గాలి లోపలికి పోదు. గోడకూ పలకకూ మధ్య ఆరేడు మిల్లీమీటర్ల సందు వదలండి. చట్రం అడ్డుపడే ప్రతిచోటా అడుగున నీరు వెనక్కి పారడానికి దారి ఉంచండి. ముందూ వెనకా ఒక్కో మూత పెడితే గాలి ఆడుతుంది.

ఎక్కడైనా సీలెంటు తప్పదనుకుంటే వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు. అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. న్యూట్రల్ రకం గానీ, పాలీసల్ఫైడు గానీ వాడండి. పాలీయురేథేన్ కూడా మంచిదే, కాకపోతే తరువాత పలక విప్పడం కష్టమవుతుంది.

రంపంపొట్టు

ఫోము విషయం నేను చెబుతాను. పడవ మునిగితే తేలేందుకు ఫోము అవసరం, దాన్ని తగ్గించమనను. పోసే ఫోము మాత్రం రేకుకు కరుచుకుపోతుంది, ఏళ్లు గడిచేకొద్దీ నీళ్లు పీల్చి ఆ తడిని రేకుకే అదిమి పట్టి ఉంచుతుంది. విప్పి చూడడానికీ ఉండదు. బదులుగా ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ దిమ్మలు కోసి, అడుగున ప్లాస్టిక్ పట్టీల మీద ఎత్తుగా కూర్చోబెట్టి, కదలకుండా బిగించండి. కింద నీరు పారుతుంది, ఎప్పుడైనా తీసి కడగవచ్చు. పెట్రోలు తగిలితే పాలీస్టైరీన్ కరిగిపోతుంది, ట్యాంకుకు దూరంగా ఉంచండి.

డెక్కు ఎత్తు కూడా ఒకసారి ఆలోచించండి. అంత ఇరుకు పడవలో మీరు ఎంత ఎత్తున నిలబడితే పడవ అంత సులభంగా ఒరుగుతుంది. అడ్డబల్లల ఎత్తు దాటకండి.

తెడ్డు

సందు వదులుతాను, దిమ్మలు వాడతాను. రేకు లోపలి వైపు రంగు వేయాలా? పాత తెల్లపొడి రెండు మూడు చోట్ల ఉంది.

చుక్కాని

గాలి ఆడుతూ, నీరు పారిపోతుంటే 5052 రేకుకు రంగు అక్కర్లేదు. తెల్లపొడి ఉన్నచోట మాత్రం చూడాలి. ముందు అసిటోన్‌తో జిడ్డు తుడవండి, తరువాతే నైలాన్ ప్యాడ్‌తో రుద్దండి. ముందే రుద్దితే జిడ్డు గీతల్లోకి దిగుతుంది. గుంట అడుగు మెరిసేదాకా పొడి పోవాలి. మంచినీటితో కడిగి ఆరబెట్టి, అదే పూట కొన్ని గంటల్లోపే ఎపాక్సీ ప్రైమర్ వేయండి. ఆలస్యమైతే ఆక్సైడు చిక్కబడి ప్రైమర్ పట్టు తగ్గుతుంది. గుంట సగం మందం దాటి ఉంటే పూతతో సరిపెట్టవద్దు, వెల్డింగు వద్దని వెల్డుచుక్క గారు చెప్పారు కాబట్టి అక్కడ మాత్రం లోపల పట్టీ వేసి రివెట్ చేయించండి.

వెల్డుచుక్క

పట్టీ వేసేటప్పుడు రెండు రేకుల మధ్య పాలీసల్ఫైడు పరిచి, అది తడిగా ఉండగానే రివెట్లు కొట్టాలి. ఆరాక కొడితే సందు మిగులుతుంది.

దీపస్తంభం

తెడ్డు గారూ, గొట్టం తొడిగిన బోల్టులన్నీ బిగించాక, డెక్కు మూయకముందే మల్టీమీటరుతో ఒక్కో బోల్టు తలకూ పక్కనున్న రేకుకూ మధ్య నిరోధం చూడండి. పొడిగా ఉన్నప్పుడు చూడాలి, తడిలో అంకెలు నమ్మలేం. మీటరు ఏమీ చూపకపోతే మంచిది. సున్నాకు దగ్గరగా చూపిస్తే గొట్టం చిరిగిందో, వాషర్ పక్కకు జరిగిందో అయి ఉంటుంది. ఆ ఒక్క బోల్టు విప్పి మళ్లీ కూర్చోబెట్టండి.

తెడ్డు

ఈరోజు ఆ పనే చేశాను. ముందు వరుసలో ఒక బోల్టు సున్నా చూపించింది. విప్పితే, రంధ్రం అంచు గరుకుగా ఉండి గొట్టాన్ని కోసేసింది. అంచును ఆకురాయితో నునుపు చేసి కొత్త గొట్టం వేశాను, ఇప్పుడు మీటరు ఏమీ చూపడం లేదు. మిగతా రంధ్రాల అంచులూ ఒకసారి తడిమి చూసి పలకలు బిగిస్తాను.